ముద్దను పోగు తీసే పనికి మన విద్యానిధి సాయం చేయాలా, వద్దా?



వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశంలో విద్యానిధి గురించి మనమంతా చేతులెత్తబోతున్నాం. ప్రతిపాదన వినడానికి చిన్నదే. ఈ ఏడాది నుంచి పెద్ద మొత్తం సాయం మెడిసిన్, కంప్యూటర్ ఇంజనీరింగ్, సీఏ చదివేవాళ్లకే ఇవ్వాలి, మిగతా పిల్లలకు శాలువా, నోటు పుస్తకాలు, ఒక సత్కారం చాలు అని. ఈ ప్రతిపాదన ఎక్కడి నుంచి పుట్టిందో సభ్యుల్లో చాలామందికి తెలియదు. విద్యానిధి ఉపసంఘంలో కూర్చున్నవాళ్లం కాబట్టి మాకు తెలుసు. అది చెప్పకుండా మిమ్మల్ని చెయ్యెత్తమనడం న్యాయం కాదనిపించి ఇది రాస్తున్నాం. కాస్త పొడుగే అవుతుంది. టీ పెట్టుకుని కూర్చుని చదవండి.

పోయిన నెల దరఖాస్తుదారులను పిలిచి మాట్లాడాం. అందులో ఒక అమ్మాయి వచ్చింది. పేరు రాయడం లేదు, రాయకూడదు కూడా. పూర్వభాగ్‌లోనే ఇల్లు. తండ్రి పవర్‌లూమ్ కార్ఖానాలో చాదర్లు నేస్తాడు, తల్లి బీడీలు చుడుతుంది. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తి చేసింది. పుణెలో ఒక పరిశోధనశాలలో ఆరు నెలల శిక్షణకు చోటు దొరికింది, జీతం లేదు, గది అద్దెకూ తిండికీ 40,000 రూపాయలు కావాలని అడిగింది.

"అక్కడ ఏం నేర్చుకుంటావు బిడ్డా?" అని మాలో ఒక పెద్దాయన అడిగారు.

"ప్రోటీన్ స్ఫటికాలున్న మెత్తటి ముద్దను వెంట్రుక కంటే సన్నగా ఒత్తి, ఎక్స్‌రే వెలుగు ముందుకు పంపే పని ఉంది కాకా. అది నేర్చుకోవాలని ఉంది" అంది.

"చక్లీలు ఒత్తడానికి ఎమ్మెస్సీ ఎందుకమ్మా?" అన్నారు ఇంకొకరు. గదిలో అందరూ నవ్వారు. దాచుకోవడం ఎందుకు, మేమూ నవ్వాం.

ఆ అమ్మాయి నవ్వలేదు. "అవును కాకా, చక్లీ ఒత్తినట్టే. కాకపోతే ఈ చక్లీ మధ్యలో తెగిపోతే, లోపలున్న ప్రోటీన్ మళ్లీ తయారు చేయడానికి నెలలు పడుతుంది" అంది. దండం పెట్టి వెళ్లిపోయింది. దరఖాస్తు పక్కన పెట్టారు. ఇలాంటి అర్థం కాని చదువులు ముందుముందు మన దాకా రాకుండా నియమమే పెట్టేద్దామన్న మాట ఆ సాయంత్రమే వచ్చింది. మీ ముందుకు వస్తున్న ప్రతిపాదన అదే.

మాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. అర్థం కాలేదని అడగకుండా నవ్వాం కదా అనిపించింది. మరుసటి ఆదివారం వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాం. రెండు గంటలు ఓపిగ్గా చెప్పింది. తర్వాత మేమూ కొంత చదువుకున్నాం. మాకు అర్థమైనంత మీకు చెబుతాం. విన్నాక మీ ఇష్టం.

మన ఇళ్లలో ఉన్న ఒక వస్తువుతో మొదలుపెడదాం. యాభై దాటిన మనవాళ్లలో చాలామంది పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటారు. డబ్బా మీద లోసార్టన్ అనో, టెల్మిసార్టన్ అనో ఉంటుంది. ఆ "సార్టన్" మాత్రలన్నీ ఒక్కచోటే పని చేస్తాయి. మన కణాల పైపొరలో యాంజియోటెన్సిన్ రిసెప్టర్ అనే ప్రోటీన్ ఉంటుంది. దాన్ని ఒక తాళం అనుకోండి. యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ వచ్చి ఆ తాళంలో దూరితే రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. మాత్ర ముందే వెళ్లి ఆ తాళంలో అడ్డంగా కూర్చుంటుంది. ఇవాళ వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడో వంతు ఈ కుటుంబానికి చెందిన తాళాల మీదే పని చేస్తాయి. ఈ కుటుంబం మీద చేసిన పరిశోధనకు 2012లో లెఫ్కోవిట్జ్, కోబిల్కా అనే ఇద్దరికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

లోసార్టన్ మందుల షాపుల్లోకి వచ్చింది 1995లో. ఆ మందు కూర్చునే తాళం అసలు రూపం మనిషి కంటికి కనబడింది 2015లో. ఇరవై ఏళ్లు తాళం చూడకుండానే తాళంచెవులు చేశారన్నమాట. మరి ఎందుకు అంత ఆలస్యం? కారణాలు రెండు. రెండింటికీ పరిష్కారం ఆ "చక్లీ ముద్ద" దగ్గరే ఉంది.

ప్రోటీన్ రూపం చూడాలంటే మామూలు పద్ధతి ఇది. కోటానుకోట్ల ప్రోటీన్ అణువులను వరుసగా పేర్చి స్ఫటికం చేయాలి. కలకండ పలుకు లాగా. దాని మీదికి ఎక్స్‌రే పంపితే వెలుగు చెదిరి చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ చుక్కల లెక్క నుంచి అణువు రూపం కట్టుకుంటారు. రక్తంలోనో గుడ్డు తెల్లసొనలోనో ఉండే ప్రోటీన్లు నీళ్లలో కరుగుతాయి కాబట్టి వాటితో స్ఫటికం చేయడం కొంత సులువు. మన బీపీ తాళం అలాంటిది కాదు. అది కణం చుట్టూ ఉండే కొవ్వు పొరలో పాతుకుని ఉంటుంది. బయటికి లాగితే చేపను ఒడ్డున వేసినట్టే, ఆకారం చెడిపోతుంది.

1996లో స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో లాండౌ, రోజెన్‌బుష్ అనే ఇద్దరు దీనికి దారి కనిపెట్టారు. మోనోఒలీన్ అనే కొవ్వు సుమారు మూడు పాళ్లు, ప్రోటీన్ కలిపిన నీళ్లు రెండు పాళ్లు తీసుకుంటారు. రెండు సన్నని సిరంజిలను మూతికి మూతి కలిపి, అటూ ఇటూ ఒత్తుతూ కలుపుతారు. కాసేపటికి అది గాజులా పారదర్శకమైన చిక్కటి ముద్ద అవుతుంది. టూత్‌పేస్టు కంటే గట్టిగా ఉంటుంది. చూడటానికి ముద్దే గాని లోపల గొప్ప అమరిక ఉంది. కొవ్వు పొర ఒకటే, తెగకుండా, మూడు దిక్కులా వంపులు తిరుగుతూ అల్లుకుని ఉంటుంది. దానికి రెండు పక్కలా సన్నని నీటి కాలువలు. ద్రవంలా మెత్తగా, స్ఫటికంలా క్రమంగా ఉంటుంది కాబట్టి దీన్ని ద్రవ స్ఫటికం అంటారు. మన టీవీ తెరల్లో ఉండే ద్రవ స్ఫటికానికి ఇది దూరపు చుట్టం. కొవ్వులో పెరిగిన ప్రోటీన్‌కు మళ్లీ కొవ్వు ఇల్లే దొరికింది కాబట్టి చెడకుండా ఉంటుంది. ఆ పొరలోనే మెల్లగా జరుగుతూ ఒకదాని పక్కన ఒకటి చేరి స్ఫటికాలవుతాయి.

మొదటి కష్టం అలా తీరింది. రెండోది మిగిలింది. ఈ ముద్దలో పెరిగే స్ఫటికాలు తరచూ మరీ చిన్నవి, మిల్లీమీటరులో వెయ్యో వంతు కొలతతో చూస్తే అయిదు పది వంతులు ఉంటాయి. అంత చిన్నదాని మీద మామూలు ఎక్స్‌రేను చాలాసేపు పడనిస్తే బొమ్మ తేలకముందే స్ఫటికం మాడిపోతుంది.

2000 సంవత్సరంలో స్వీడన్‌లోని ఉప్సలలో పని చేస్తున్న నోయిట్జె, హయ్దు బృందం ఒక విచిత్రమైన లెక్క వేసింది. స్ఫటికం కాలిపోతే పోనీ, అది కాలేలోపే బొమ్మ తీసేస్తే? దానికి చాలా పొట్టి, చాలా బలమైన ఎక్స్‌రే మెరుపు కావాలి. ఆ మెరుపు 2009లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని స్లాక్ ప్రయోగశాలలో పుట్టింది. పాత ఎలక్ట్రాన్ యంత్రంలో ఆఖరి కిలోమీటరును వాడి ఎక్స్‌రే లేజర్‌ను నిర్మించారు. సెకనుకు 120 మెరుపులు. ఒక్కో మెరుపు కొన్ని పదుల ఫెమ్టోసెకన్లు. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క ఫెమ్టోసెకను. ఆ మెరుపు తగిలిన స్ఫటికం ఆవిరైపోతుంది. కాని అప్పటికే వెలుగు దాన్ని దాటి వెళ్లిపోయి బొమ్మ వేసేస్తుంది. 2011లో చాప్‌మన్, స్పెన్స్ తదితరులు ఆకుల్లో ఉండే ఒక పెద్ద ప్రోటీన్‌తో ఇది నిజమేనని చూపించారు.

ఇక్కడ మన పని మొదలవుతుంది. మగ్గం దగ్గర పెరిగినవాళ్లకు ఇది చెప్పగానే అర్థమవుతుంది. ఒక మెరుపుకు ఒక స్ఫటికం ఖర్చు. మరుసటి మెరుపుకు కొత్త స్ఫటికం అదే చోట ఉండాలి. సెకనుకు 120 సార్లు. యంత్రం ఆగదు, మన కోసం కాచుకోదు. కండె అయిపోయినా మగ్గం ఆడుతూనే ఉంటే ఏమవుతుంది? ఉత్త పడుగు మీద నాడె అటూ ఇటూ తిరుగుతుంది, బట్ట పడదు. కోట్ల డాలర్ల లేజరైనా అంతే. దాని ముందుకు స్ఫటికం రాకపోతే ఖాళీ గాలిలో మెరుస్తుంది.

మొదట్లో స్ఫటికాలను నీళ్లలో కలిపి సన్నని ధారగా చిమ్మేవారు. ధార చుట్టూ వాయువును పంపి దాన్ని ఇంకా సన్నగా చేసే మూతిని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో తయారు చేశారు. అది బాగానే పని చేసింది. చిక్కెక్కడంటే వేగం. నీటి ధార సెకనుకు 10 మీటర్లు పరిగెత్తుతుంది. రెండు మెరుపుల మధ్య ఎనిమిది సెంటీమీటర్ల పైన ధార ముందుకు వెళ్లిపోతుంది. అందులో మెరుపు తగిలేది మిల్లీమీటరులో కొన్ని వెయ్యో వంతుల మేర. మిగతా ధారంతా, అందులోని స్ఫటికాలన్నీ, వృథాగా కింద గిన్నెలో పడతాయి. నిమిషానికి ఓ 10 మైక్రోలీటర్లు, అంటే చుక్కలో అయిదో వంతు. వినడానికి తక్కువే, కాని పది గంటలు నడిస్తే 6 మిల్లీలీటర్లు. బీపీ తాళం లాంటి ప్రోటీన్‌ను అంత తయారు చేయడం ఎవరి వల్లా అయ్యే పని కాదు. దొరికేది మిల్లీగ్రాముల్లోనే.

అప్పుడు ఒకటి ఆలోచించారు. స్ఫటికాలు పెరిగింది ముద్దలోనే కదా. వాటిని నీళ్లలోకి తీయడం ఎందుకు? ముద్దనే ముద్దగా పంపితే? ముద్ద పరిగెత్తదు, మనం ఒత్తినంతే వస్తుంది. అరిజోనాలోనే ఊవె వైయర్‌స్టాల్, జాన్ స్పెన్స్ బృందం ఆ పరికరం చేసింది. నిజంగానే మన చక్లీ గొట్టం లాంటిది. ఒక చిన్న గొట్టంలో ముద్ద నింపుతారు. వెనక ఒక పిస్టన్. ముందు 20 నుంచి 50 మైక్రాన్ల రంధ్రమున్న గాజు నాళం. మన తల వెంట్రుక కంటే సన్నం. అంత సన్నని రంధ్రంలోంచి గట్టి ముద్ద రావాలంటే మామూలు ఒత్తిడి చాలదు. అందుకని వెడల్పు పిస్టన్‌ను నీటి పంపుతో నెట్టి, అది సన్నని పిస్టన్‌ను నెట్టేలా పెట్టారు. గ్యారేజీలో హైడ్రాలిక్ జాకీ కారును లేపే సూత్రమే ఇది. పంపు ఒత్తిడి 34 రెట్లవుతుంది. అప్పుడు ముద్ద సన్నని పోగులా, సెకనుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల చొప్పున నడుస్తుంది. రెండు మెరుపుల మధ్య అది జరిగేది మిల్లీమీటరులో పది పదిహేను వెయ్యో వంతులు. కాలిన ముక్క పక్కకు తప్పుకుని కొత్త ముక్క రావడానికి సరిగ్గా అంత చాలు.

ఇంతటితో అయిపోలేదు. గోరింటాకు కోన్ ఒత్తేటప్పుడు చూసే ఉంటారు, మొదటి పోగు నేరుగా రాకుండా మూతికే చుట్టుకుంటుంది. ఇదీ అంతే. సన్నని ముద్ద వంకర తిరిగి మూతికి అంటుకుపోయేది. పోగు చుట్టూ హీలియమో నైట్రోజనో పంపి దాన్ని తిన్నగా లాగారు. తర్వాత ఇంకో తంటా వచ్చింది. ప్రయోగం జరిగే పెట్టెలో గాలి ఉండదు. ముద్ద బయటికి రాగానే అందులోని నీరు ఆవిరై, ముద్ద చల్లబడి, లోపలి అల్లిక చెడి గట్టి పొరలుగా పేరుకునేది. ఆ గట్టి పొరలు ఎక్స్‌రేను ఎంత బలంగా చెదరగొడతాయంటే, బొమ్మ తీసే డిటెక్టరే పాడయ్యే ప్రమాదం. దీనికి యంత్రంలో మార్పు చేయలేదు, ముద్దలో చేశారు. కాస్త పొట్టి గొలుసున్న ఇంకో కొవ్వు కలిపారు. చల్లబడినా గడ్డకట్టడం ఆగింది. మా తాతల కాలంలో ఎండాకాలం గంజి వేరు, వానాకాలం గంజి వేరు. గాలిలో తేమ చూసి గంజి చిక్కదనం మార్చేవారు, లేకపోతే పోగులు తెగేవి. ఆ అమ్మాయి ఈ కొవ్వు సంగతి చెబుతుంటే వాళ్ల నాన్న తలుపు దగ్గర నిలబడి, "అంటే గంజి మార్చిన్రన్నట్టు" అన్నాడు. అంత సరిగ్గా మేము చెప్పలేకపోయేవాళ్లం.

2013 డిసెంబరులో ఫలితం వచ్చింది. సెరొటోనిన్ అనే హార్మోన్ కూర్చునే ఒక తాళం రూపాన్ని ఈ పద్ధతిలో తీశారు. ఆ లెక్కలు వినండి. దాదాపు పది గంటలు ముద్ద పోగు నడిచింది. యంత్రం 42 లక్షల పైచిలుకు బొమ్మలు తీసింది. వాటిలో స్ఫటికం తగిలినవి లక్షన్నర. పనికొచ్చేలా తేలినవి 32,819. ఖర్చయిన ప్రోటీన్ 0.3 మిల్లీగ్రాములు. ముద్ద మొత్తం కలిపితే రెండు మూడు చుక్కలకు మించదు. 42 లక్షల్లో 32 వేలే మిగిలాయంటే ఆశ్చర్యంగా ఉంటుంది గాని, చేతిలో ఉన్న ఆ కాస్త ప్రోటీన్‌తో అవి దొరికాయంటే పోగు నెమ్మదిగా, తెగకుండా నడవడం వల్లే. నీటి ధారే అయితే ఆ సరుకు కొన్ని నిమిషాల్లో అయిపోయేది.

2015లో అదే లేజర్ దగ్గర, అలాంటి ముద్ద పోగుతోనే మన బీపీ తాళం రూపం బయటపడింది. మందు తాళంలో ఎక్కడ కూర్చుంటుందో, ఏ మూల పట్టుకుంటుందో కళ్లకు కట్టింది. మనం పొద్దున్నే మింగే మాత్ర కథలో ఆ "చక్లీ" ఇలా వచ్చింది.

ఇక మా అభిప్రాయం. లేజర్ గొప్పదే. దానికి దేశాలు డబ్బు పోశాయి, పత్రికలు ఫొటోలు వేశాయి. కాని దాని ముందుకు సరుకు అందించే చేతులు లేకపోతే బీపీ తాళం బొమ్మ వచ్చేది కాదు. ఆ 2013 పరిశోధన పత్రంలో ప్రోటీన్ చేసినవాళ్ల పేర్ల పక్కనే మూతి చేసినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. మాకు అది చాలా నచ్చింది. ఎందుకంటే మన ఊళ్లో అలా జరగలేదు. సోలాపూర్ చాదర్ దేశమంతా తెలుసు. చాదర్ మీద కార్ఖానా పేరుంటుంది. కండెలు చుట్టిన అమ్మల పేర్లు, తెగిన పోగును కన్ను మూసి తెరిచేలోగా అతికిన తాతల పేర్లు ఎక్కడున్నాయి? ఆ చేతి నేర్పును మనమే చదువు కింద లెక్క వేయలేదు. ఇప్పుడు మన పిల్ల ఒకతె అదే నేర్పును ఇంకో రూపంలో నేర్చుకుంటానంటే నవ్వాం.

ఉపసంఘంలో వచ్చిన అభ్యంతరాలూ చెప్పాలి. అవి చెప్పకుండా మా మాటే చెబితే ఏకపక్షం అవుతుంది.

మొదటిది, అలాంటి ఎక్స్‌రే లేజర్ మన దేశంలో లేదు కదా, నేర్చుకుని ఏం చేస్తుంది అని. లేజర్ లేదన్నది నిజమే. ఉన్నవి అమెరికా, జపాన్, కొరియా, స్విట్జర్లాండ్, జర్మనీ లాంటి చోట్ల. కాని ఈ ముద్ద పోగు పద్ధతి లేజర్ దగ్గరే ఆగిపోలేదు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మామూలు సింక్రోట్రాన్ ఎక్స్‌రే ముందు కూడా నడిపి చూపించారు. మన దేశంలో ఇండోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది, అందులో ప్రోటీన్ల కోసం ప్రత్యేకంగా ఒక ఎక్స్‌రే మార్గమూ ఉంది. పైగా ఈ విద్యలో మనవాళ్లకు పాత పరిచయమే ఉంది. ప్రోటీన్ మడతల్లో ఏవి సాధ్యమో ఏవి కాదో చెప్పే పటాన్ని జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ప్రకటించారు. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ ప్రోటీన్ రూపం తీసినా ఆ పటంతో సరిచూసుకుంటారు. ఆయన పని మొదలుపెట్టినప్పుడు కూడా పెద్ద యంత్రాలు మన దగ్గర లేవు.

రెండోది మాలో ఒక ఇంజనీరు మిత్రుడు అన్నమాట. ఇప్పుడు స్ఫటికమే అక్కర్లేకుండా, గడ్డకట్టించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ప్రోటీన్ల బొమ్మలు తీస్తున్నారు, దానికి 2017లో నోబెల్ కూడా వచ్చింది, ఈ ముద్ద పని పాతబడదా అని. ఇది గట్టి ప్రశ్న. ఆయన చెప్పింది నిజం, ఈ తాళాల బొమ్మలు చాలావరకు ఇప్పుడు ఆ దారిలోనే వస్తున్నాయి. కాని గడ్డకట్టిన దాంట్లో కదలిక ఆగిపోతుంది. వెలుతురు తగలగానే ప్రోటీన్ ఎలా కదులుతుందో గది వేడిమిలో, క్షణక్షణం బొమ్మలు తీసి 2016లో జపాన్‌వాళ్లు చూపించారు. అదీ ముద్ద పోగుతోనే. పైగా పని అయిపోయిందనుకోకండి. 2017లో జర్మనీలో మొదలైన కొత్త లేజర్ సెకనుకు 27,000 మెరుపుల దాకా ఇస్తుంది, అవి గుంపులు గుంపులుగా వస్తాయి. ఒక్క గుంపులో మెరుపుల మధ్య ఎడం ఎంత తక్కువంటే మన నెమ్మది ముద్ద అంతలో కదలలేదు. అక్కడ మళ్లీ వేగమైన ధారే కావాలి. ముద్ద అయితే వృథా తక్కువ, కాని నెమ్మది. ధార అయితే వేగం ఎక్కువ, కాని వృథా. ఈ రెంటి మధ్య దారి ఇంకా వెతుకుతున్నారు. జపాన్‌లో కొవ్వు ముద్దకు బదులు గ్రీజులో స్ఫటికాలు కలిపి పంపి చూశారు. మరికొందరు అగరోజ్ జెల్లీ వాడారు. అంటే ఏ పదార్థం ఎలా జారుతుందో చేత్తో పట్టి చూసి తెలుసుకోగలవాళ్లకు ఇక్కడ ఇంకా పనుంది.

మూడోది అన్నిటికంటే బరువైనది. "నిధిలో ఉన్నదే కొంచెం. కంప్యూటర్ చదివినవాడు రెండేళ్లలో ఇల్లు నిలబెడతాడు. ఈ పిల్ల ఎప్పటికి సంపాదిస్తుంది?" అన్నారు. దీనికి మా దగ్గర తిరుగులేని జవాబు లేదు. మిల్లులు మూతపడ్డ రోజులు చూసిన ఊరు మనది. రోజు కూలి పోతే ఇల్లు ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి కంప్యూటర్ చదివేవాళ్లకు సాయం తగ్గించమని మేము అనడం లేదు. కాని ఒక్కమాట. కంప్యూటర్ చదివే పిల్లలకు బ్యాంకు అప్పు దొరుకుతుంది, కంపెనీలు కాలేజీకి వచ్చి ఉద్యోగాలిస్తాయి. ఇలాంటి పని నేర్చుకునే పిల్లకు ఆ మొదటి ఆరు నెలలు ఎవరూ దిక్కుండరు. మన 40,000 అక్కడ పడితే ఒక జీవితం మలుపు తిరుగుతుంది. ఎవరికీ పట్టనివాళ్లకు తోడుండాలనే కదా మన పెద్దలు రూపాయి రూపాయి పోగు చేసి ఈ నిధి పెట్టింది? కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల నుంచి మూటలు కట్టుకుని వచ్చినప్పుడు వాళ్లకూ ఇక్కడ మొదటి ఆరు నెలలు ఎవరో ఒకరు నీడనిచ్చారు.

అందుకని ఆదివారం సభలో మేము ఒక సవరణ పెడుతున్నాం. ప్రతి ఏడాది పెద్ద సాయాల్లో అయిదింట ఒకటి, చేతి నేర్పుతో ముడిపడిన చదువులకు ఉంచాలి. ప్రయోగశాల పని, టూల్‌రూమ్ డిప్లొమా, పరికరాల మరమ్మతు, గాజు పని, ఏదైనా సరే. దరఖాస్తు అర్థం కాకపోతే తిప్పి పంపకూడదు. ఆ పిల్లనో పిల్లాడినో మళ్లీ పిలిచి, అర్థమయ్యేదాకా అడగాలి. అప్పటికీ కాకపోతే మన ఊరి కాలేజీల్లో చదువు చెప్పే మనవాళ్లను ఒకరిని పిలిచి కూర్చోబెట్టుకోవాలి. సాయం పొందినవాళ్లు తిరిగొచ్చాక మన పిల్లలకు ఒకరోజు ఆ పని చూపించాలి, అంతే షరతు. ఈ సవరణ ఓడిపోయినా మేము అలగం. కాని ఏమిటో తెలుసుకుని మరీ ఓడించండి.

ఆ ఆదివారం వాళ్లింటి నుంచి బయల్దేరుతుంటే ఆ అమ్మాయి వాళ్లమ్మ లోపలి నుంచి చక్లీలు పళ్లెంలో తెచ్చి పెట్టింది. ఎవరికీ ఏమనాలో తోచలేదు. మాలో ఆ రోజు ఆ మాట అన్న పెద్దమనిషే ముందు ఒకటి తీసుకుని, "తప్పయిపోయింది బిడ్డా, ఆదివారం నువ్వు కూడా సభకు రా" అన్నారు. వస్తానంది. రెండు సిరంజిలు, కాస్త గోరింటాకు తెచ్చి అందరి ముందూ చేసి చూపిస్తానంది. మీరూ రండి. సాయంత్రం అయిదు గంటలకు, మన సంఘం హాల్లోనే.